స్కాన్‌లో కనపడని చిల్లు: ఉదరవితానం గాయాలకు కెమెరా ఆపరేషన్ ఎందుకంటారు?

ఆ మధ్య కర్నూలులో ఒక ఆస్పత్రి వరండాలో వేరే పని మీద కూర్చుని ఉన్నాను. పక్క బెంచీ దగ్గర గొడవ మొదలైంది. ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్లు. జాతర రాత్రి కొట్లాటలో ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఎడమ చనుమొన కింద నాలుగు వేళ్ల దూరంలో కత్తి దిగింది. గాయం చూస్తే బొటనవేలి గోరంత. రక్తం ఆగింది, బీపీ నిలకడగా ఉంది. కుర్రాడు మాట్లాడుతున్నాడు, దాహమవుతోందని నీళ్లడుగుతున్నాడు. సీటీ స్కాన్ తీశారు, లోపల పెద్దగా ఏమీ కనపడలేదన్నారు. ఇంటివాళ్లు కాస్త స్థిమితపడ్డారో లేదో, సర్జన్ వచ్చి "రేపు పొద్దున కెమెరా వేసి ఒకసారి చూడాల" అన్నాడు.

కుర్రాడి అన్న లేచి నిలబడ్డాడు. "స్కాన్ బాగుందంటిరి గదా సార్. బాగున్నోనికి మళ్లా ఆపరేషన్ ఎందుకు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. డబ్బు కోసం చెబుతున్నారేమో అన్న అనుమానం అతని గొంతులో వినిపిస్తూనే ఉంది. సర్జన్‌కు అవతల ఇంకో కేసు ఉంది, రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు. ఆ రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదిది. దాని వెనక ఒక పల్చటి కండరం కథ ఉంది, డాక్టర్ల మధ్య ఇప్పటికీ తెగని వాదం ఒకటి ఉంది.

పొట్టకు వేసిన పందిరి

ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డంగా ఉండే కండరాన్ని స్కూలు పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం. డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. వితానం అంటే పందిరి, మేలుకట్టు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ కళ్లతో చూసి పెట్టినట్టున్నారు. అది నిజంగానే పొట్ట మీద వేసిన షామియానాలా, పైకి ఉబ్బిన గుమ్మటంలా ఉంటుంది.

ఆదివారం పొద్దున మాంసం కొట్టు దగ్గర నిలబడినవాళ్లు దీన్ని చూసే ఉంటారు. మేక పొట్ట చీల్చి పేగులూ కార్జమూ తీశాక, ఊపిరితిత్తులకు అడ్డంగా ఒక పల్చటి పొర మిగులుతుంది. అంచుల వెంట ఎర్రటి కండ, నడిమధ్యన వెండిరంగులో మెరిసే పట్టీ. కొట్టాయన కత్తి మొనతో ఒక్క గీత గీస్తాడు, వెనక నుంచి ఊపిరితిత్తులు బయటపడతాయి. అంత తేలిగ్గా తెగుతుంది. మనిషిలోనూ అదే తీరు. కొన్ని మిల్లీమీటర్ల మందం, అంతే.

పైన గుండె, ఊపిరితిత్తులు. కింద కుడివైపు కాలేయం, ఎడమవైపు జీర్ణాశయం, ప్లీహం, పెద్దపేగు వంపు. అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు కిందికీ పైకీ పోవడానికి ప్రకృతి వదిలిన దారులు తప్ప ఈ పందిరికి వేరే కంతలు ఉండకూడదు. మనం పీల్చే ప్రతి ఊపిరికీ మొదట కదిలేది ఇదే. బిగుసుకుంటే కిందికి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. సడలితే పైకి లేస్తుంది, గాలి బయటికి పోతుంది.

దీన్ని ఆడించే నరం మాత్రం పొట్టలో పుట్టదు, మెడలో పుడుతుంది. మెడలోని 3, 4, 5 నరాల మూలాల నుంచి బయల్దేరి గుండె పక్కగా కిందికి వస్తుంది. భుజం చర్మానికి స్పర్శ తెలిపే నరాలు కూడా ఆ దాపునే మొదలవుతాయి. అందుకే ఉదరవితానానికి దెబ్బ తగిలినా, దాని కింద రక్తం చేరినా కొందరికి నొప్పి భుజంలో తెలుస్తుంది. పక్కటెముకల కింద పోటు పడిన మనిషి "భుజం లాగుతోంది" అంటే అనుభవమున్న డాక్టర్ ఆ మాటను తేలిగ్గా తీసుకోడు.

పోటు పడింది ఛాతీలోనా, పొట్టలోనా?

చనుమొన కింద గాయమంటే మనకు ఛాతీ గాయమే. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు మాత్రం కుడివైపు గుమ్మటం నాలుగో పక్కటెముకల సందు దాకా లేస్తుంది. మగవాళ్లలో అది దాదాపు చనుమొన ఎత్తు. ఎడమవైపు ఇంకాస్త కిందగా ఉంటుంది. అంటే పక్కటెముకల గూడు కింది సగంలో ఉన్నది నిజానికి పొట్టే. అక్కడ పక్కటెముకలు పొట్టను కూడా కాపు కాస్తున్నాయన్నమాట.

దీంతో విచిత్రమైన చిక్కు వస్తుంది. ఒకే చోట, ఒకే లోతున కత్తి దిగినా, ఆ క్షణంలో మనిషి ఊపిరి పీల్చాడా వదిలాడా అన్నదాన్ని బట్టి లోపల తగిలేది మారిపోతుంది. పీల్చి ఉంటే ఊపిరితిత్తి. వదిలి ఉంటే ఉదరవితానం, దాన్ని దాటి జీర్ణాశయమో ప్లీహమో. కొట్లాటలో కేకలేస్తున్నవాడు ఊపిరి వదులుతూనే ఉంటాడు కదా. అందుకే ముందువైపు చనుమొనలు, వెనకవైపు భుజపుటెముక కింది కొస పై హద్దుగా, పక్కటెముకల అంచు కింది హద్దుగా ఉన్న ప్రాంతంలో ఎక్కడ పోటు పడినా ఉదరవితానాన్ని అనుమానించాలని సర్జన్లకు నేర్పుతారు. ఆ కుర్రాడి గాయం సరిగ్గా ఈ హద్దుల మధ్యే ఉంది.

చిన్న చిల్లును ఎందుకు వదిలేయరు?

చర్మం మీద రెండు సెంటీమీటర్ల గాయం నాలుగు కుట్లతో మానుతుంది. ఉదరవితానం మీద అంతే గాయాన్ని అలా నమ్మడానికి లేదు. కారణాలు రెండు.

మొదటిది కదలిక. నిమిషానికి 15 ఊపిర్లనుకుందాం. గంటకు 900, రోజుకు 21,600. అన్నిసార్లు ఆ కండరం బిగుస్తుంది, సడలుతుంది. విరిగిన చేతికి కట్టు కట్టి కదలకుండా పెట్టినట్టు దీనికి విశ్రాంతి ఇవ్వడం కుదరదు.

రెండోది, అసలైనది, పీడనంలో తేడా. పొట్టలో పీడనం బయటి గాలి కన్నా కొద్దిగా ఎక్కువ. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీలో కొద్దిగా తక్కువ. మామూలుగా ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఈ తేడా 7 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. గట్టిగా ఊపిరి బిగబట్టినా, ముక్కినా, బలంగా దగ్గినా 100 సెంటీమీటర్లు దాటొచ్చు. మీటరు ఎత్తున నిలిచిన నీళ్లు ఎంత నొక్కుతాయో అంత ఒత్తిడి కింది నుంచి పైకి తోస్తుంది. బోరు మోటారు పైపులోకి నీళ్లెక్కినట్టు, చిల్లు దొరికితే చాలు, పొట్టలోది ఛాతీలోకి ఎక్కుతుంది.

మొదట ఎక్కేది సాధారణంగా పేగుల మీద కప్పుకుని ఉండే కొవ్వు తెర. అది చిల్లులో ఇరుక్కుని బిరడాలా కూర్చుంటుంది. నొప్పి లేదు, రక్తం లేదు. మనిషి ఇంటికి వెళ్లిపోతాడు. చిల్లు మాత్రం మానదు, ఎందుకంటే దాని పెదవుల మధ్య కొవ్వు ఉంది. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ వెనకే పెద్దపేగో జీర్ణాశయమో పైకి జరుగుతుంది. పెద్ద చిల్లయితే అది అటూ ఇటూ తిరుగుతుంటుంది. చిన్న చిల్లయితే ఆ చిల్లు అంచు దగ్గర బిగుసుకుని, రక్తం అందక కుళ్లుతుంది. ఇక్కడ మన మామూలు లెక్క తలకిందులవుతుంది. చిల్లు ఎంత చిన్నదైతే పేగు ఉరిపడే ప్రమాదం అంత ఎక్కువ.

ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. ఫ్రాన్స్ సైన్యంలో పనిచేసిన సర్జన్ ఆంబ్రోయిస్ పారే 1579లోనే రాశాడు. తుపాకీ దెబ్బ తిన్న ఒక కెప్టెన్ కోలుకున్నాడు, ఎనిమిది నెలల తర్వాత పేగు బిగుసుకుని చనిపోయాడు. శవాన్ని తెరిచి చూస్తే పెద్దపేగు ఛాతీలో ఉంది. అది దూరిన చిల్లులో చిటికెన వేలి కొస మాత్రమే పడుతుంది.

ఎదురు వాదన కూడా చెప్పాలి. పందుల ఉదరవితానానికి చిన్న కత్తిగాట్లు పెట్టి, కుట్టకుండా వదిలేసి గమనించిన ప్రయోగాల్లో చాలా గాయాలు వాటంతటవే మానాయి. కాబట్టి కనపడని ప్రతి చిల్లూ రేపటి ప్రమాదమే అనడం అతి అని కొందరు సర్జన్లు అంటారు. ఆ మాటలో పస లేకపోలేదు. కాకపోతే పంది నాలుగు కాళ్ల మీద నడిచే జంతువు, దాని పొట్ట బరువు వేలాడే తీరు వేరు. పైగా ఎవరి చిల్లు మానుతుందో, ఎవరిది మానదో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ చేతిలో లేదు.

కత్తి చేసే గాయం, గుద్దు చేసే గాయం

రాయలసీమ అనగానే సినిమావాళ్లకు వేటకొడవలి గుర్తొస్తుంది. క్యాజువాలిటీ ముందు ఒక రాత్రి కూర్చుంటే తెలుస్తుంది, జనాన్ని తెచ్చి పడేసేది ఎక్కువగా రోడ్డు. 44వ నంబరు హైవే కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా పోతుంది. కర్నూలు, నంద్యాల మీదుగా కడపకు వెళ్లేది 40వ నంబరుది. బోల్తా కొట్టిన ట్రాక్టర్లు, కిక్కిరిసిన ఆటోలు, చింతచెట్టు మీంచి పడ్డవాళ్లు, ఎద్దు కుమ్మినవాళ్లు సరేసరి.

మొద్దు దెబ్బల్లో కత్తి ఉండదు. పొట్ట మీద ఒక్కసారిగా పడిన ఒత్తిడికి పందిరి లోపలి నుంచి చినుగుతుంది. గాలి నింపిన సంచి మీద కాలేస్తే ఏమవుతుందో అదే. ఇలాంటి చీలికలు పెద్దవి, చాలాసార్లు పది సెంటీమీటర్లు దాటుతాయి. ఎడమవైపు ఎక్కువ, ఎందుకంటే కుడివైపు కాలేయం దిండులా అడ్డుపడి దెబ్బను పంచుకుంటుంది. ఎదురుగా గుద్దినదాని కన్నా పక్క నుంచి గుద్దిన బండి ఉదరవితానాన్ని ఎక్కువగా చీలుస్తుంది. పక్కటెముకల గూడు ఒకవైపు నొక్కుకుపోతే దానికి అతుక్కున్న కండరం లాగబడి తెగుతుంది.

కత్తి, కొమ్ము, గునపం చేసేవి చిన్న చిల్లులు, ఒకటి రెండు సెంటీమీటర్లు. పెద్ద చీలిక తానుగా బయటపడుతుంది, ఆయాసం తెస్తుంది, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చిన్నది దాక్కుంటుంది. ఈ వ్యాసంలో గొడవంతా ఆ చిన్నదాని గురించే.

ఫిల్ములో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

పెద్ద చీలికకు ఛాతీ ఎక్స్‌రే చాలు. ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు ఫిల్ములో పొట్ట దగ్గర కాకుండా ఎడమ ఛాతీలో చుట్టుకుని కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. జీర్ణాశయం పైకి వచ్చేసిందన్నమాట. సీటీలో అయితే జీర్ణాశయం చిల్లు దగ్గర నొక్కుకుని, మెడకు కాలర్ బిగించినట్టు కనిపిస్తుంది. రేడియాలజిస్టులు దాన్ని కాలర్ గుర్తు అనే పిలుస్తారు.

ఇక రెండు సెంటీమీటర్ల కత్తిగాటు. ఉదరవితానం పల్చనిది, వంపు తిరిగినది, ఊపిరితో పాటు కదిలేది. కింద ప్లీహమో కాలేయమో దానికి ఆనుకునే ఉంటాయి. లోపలిదేదీ ఇంకా పైకి ఎక్కకపోతే ఫిల్ములో చూపించడానికి ఏమీ ఉండదు. గుడారం గుడ్డలో కోతను దూరం నుంచి ఫొటో తీసినట్టుంటుంది, గుడ్డ ఉబ్బితేనే గాని కోత తెలియదు. ఇప్పటి సీటీ మిషన్లు పాతవాటి కన్నా చాలా నయమే. కత్తి వెళ్లిన దారిని గీత గీసినట్టు చూపించి అనుమానాన్ని పెంచగలవు. అనుమానాన్ని పూర్తిగా తీర్చడం మాత్రం వాటి వల్ల కావడం లేదు.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లది ఇంకో తిరకాసు. మిషన్ గాలిని లోపలికి నెడుతున్నంత సేపూ ఛాతీలో పీడనం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పొట్టలోది పైకి రాదు. ట్యూబు తీసేసి, మనిషి సొంతంగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాక ఎక్కుతుంది. మొదటి రోజు ఫిల్ము శుభ్రంగా ఉండి, అయిదో రోజు ఫిల్ములో పేగు ఛాతీలో కనిపిస్తే మొదటి రోజు డాక్టర్ కళ్లు మూసుకుని చూశాడని కాదు.

కెమెరా లోపలికి వెళ్లాక

ల్యాపరోస్కోపీని మన ఊళ్లలో కంప్యూటర్ ఆపరేషన్ అంటారు, బొక్కల ఆపరేషన్ అంటారు, లేజర్ అని కూడా అంటారు. ఇందులో లేజర్ ఏమీ లేదు. పల్లెల్లో ఆడవాళ్లకు ఇది మగవాళ్ల కన్నా ముందే తెలుసు. కుటుంబ నియంత్రణ డీపీఎల్ క్యాంపుల్లో బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి చేసింది ఇదే పద్ధతి.

పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర సెంటీమీటరు గాటు పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఆ వాయువే ఎందుకంటే అది మండదు, మిగిలినదాన్ని రక్తం పీల్చుకుని ఊపిరితో బయటికి పంపేస్తుంది. పొట్ట ఉబ్బి లోపల చోటు ఏర్పడుతుంది. బల్లను తలవైపు ఎత్తి, కుడివైపుకు వంచుతారు. పేగులు బరువుకు కిందికి జారిపోయి, ఎడమ గుమ్మటం కింది భాగం పైకప్పులా తేలుతుంది. కెమెరా నేరుగా చూసేది కాదు, కొస 30 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది. గుమ్మటం వంపు చాటున, ప్లీహం వెనక ఏముందో చూడాలంటే ఆ వాలు కావాలి.

కంత ఉంటే తెరమీద కనిపిస్తుంది. నిగనిగలాడే పొర మధ్యన నల్లటి చీలిక, కొన్నిసార్లు అందులోకి దూరిన పసుపుపచ్చని కొవ్వు.

ఇక్కడే ఈ పద్ధతిలోని అతి పెద్ద ప్రమాదం కూడా ఉంది. పొట్టలో నింపిన గాలి ఆ చిల్లులోంచి ఛాతీలోకి ఎక్కుతుంది. ఊపిరితిత్తి నొక్కుకుపోతుంది, గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది, బీపీ జారుతుంది. అందుకే మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాకా పెట్టే గాలి ఒత్తిడిని ఇలాంటి కేసుల్లో తక్కువతో మొదలుపెడతారు. ఛాతీలో చేరిన గాలినీ రక్తాన్నీ బయటికి తీసే ఐసీడీ గొట్టం బల్ల పక్కనే సిద్ధంగా ఉంటుంది, లేదా ముందే వేసి ఉంటుంది. మత్తు డాక్టర్ ఒక్క మాట అంటే చాలు, సర్జన్ గాలి ఆపేసి నింపింది వదిలేయాలి. ఈ ఆపరేషన్‌లో మత్తు డాక్టర్ కళ్లు మానిటర్ మీద నుంచి కదలవు.

చిల్లు దొరికాక పని సూటిగానే సాగుతుంది. దూరిన కొవ్వునో పేగునో మెల్లగా, ఒక పరికరం తర్వాత ఇంకో పరికరంతో తాడు చేదినట్టు కిందికి లాగుతారు. రాకపోతే బలవంతం చేయరు, చిల్లునే కాస్త పెద్దది చేస్తారు. ఆ చిల్లులోంచే ఛాతీలో గడ్డకట్టిన రక్తాన్ని కడిగి పీలుస్తారు. తర్వాత కరగని దారంతో, తరచూ నీలం రంగు ప్రోలీన్‌తో, అంచులు కలిపి కుడతారు. కరిగే దారం ఎందుకు కాదో రోజుకు 21,600 కదలికల లెక్కే చెబుతుంది. గాయం పూర్తిగా గట్టిపడక ముందే దారం కరిగితే మళ్లీ మొదటికే వస్తుంది. నడిమి వెండిపట్టీకి పైన గుండె ఉంటుంది కాబట్టి అక్కడ సూది లోతు చూసుకుని దించాలి. చివరి ముడి బిగించే ముందు మత్తు డాక్టర్ ఊపిరితిత్తిని బాగా ఉబ్బిస్తాడు, ఛాతీలో మిగిలిన గాలి బయటికి పోతుంది.

పెద్దగా తెగి అంచులు కలవకపోతే జాలీ లాంటి మెష్ అతికిస్తారు. పేగు తెగి మలం చిందిన చోట మామూలు మెష్ పెట్టడానికి సర్జన్లు జంకుతారు, చీము పడితే దాన్ని తీయడం నరకం.

ఛాతీ వైపు నుంచి కెమెరా వేసే దారి కూడా ఉంది. పక్కటెముకల సందులోంచి వెళ్లి ఉదరవితానాన్ని పైనుంచి చూస్తారు. ఛాతీలో రక్తం గడ్డకట్టి మిగిలినవాళ్లకు అది మేలు. ఒకే పనికి రెండూ అవుతాయి. దానికి ఒక ఊపిరితిత్తిని మాత్రమే ఆడించే ప్రత్యేక మత్తు గొట్టం కావాలి. పైగా కత్తి పేగును కోసిందో లేదో పైనుంచి కనపడదు. కొత్త గాయాల్లో ఎక్కువమంది పొట్టవైపు మొగ్గేది ఈ కారణానికే.

పెద్ద కోత తప్పనివాళ్లు

ఇంకో కేసు ఊహించండి. పత్తికొండ దగ్గర టమాటా లోడుతో వస్తున్న ఆటోను పక్క నుంచి లారీ గుద్దింది. డ్రైవర్‌కు 45 ఏళ్లు. ఆస్పత్రికి వచ్చేసరికి బీపీ 80, చెమటలు, పొట్ట బిగుసుకుంది. అల్ట్రాసౌండ్‌లో పొట్టనిండా రక్తం, ఎక్స్‌రేలో ఎడమ ఛాతీలో జీర్ణాశయం.

ఇతని విషయంలో కెమెరా మాటే రాకూడదు. రొమ్ము కింద నుంచి బొడ్డు కిందిదాకా నిలువుగా తెరిచి, ముందు రక్తం పోతున్న ప్లీహాన్ని చూసుకుని, తర్వాత ఉదరవితానం కుడతారు. పొట్టలో గాలి నింపితే కాళ్ల నుంచి గుండెకు తిరిగి వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. ఇప్పటికే జారిన బీపీకి అది చావుదెబ్బ. తలకు కూడా గట్టి దెబ్బ ఉంటే గాలి ఒత్తిడి మెదడులో ఒత్తిడిని పెంచుతుంది. పేగు బయటికి వచ్చేసినా, పొట్టంతా రాయిలా బిగుసుకుపోయినా పెద్ద కోతే. కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోతకు మారడమూ ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని "ఫెయిలైంది" అనుకుంటారు, సర్జన్లు అలా అనుకోరు.

మొద్దు దెబ్బల్లో ఉదరవితానం ఒక్కటే చినగడం అరుదు. ప్లీహం, కాలేయం, పక్కటెముకలు, కటి ఎముక ఏదో ఒకటి తోడుంటుంది. అందుకే కెమెరా పద్ధతి నిజంగా సరిపోయేది ఆ కుర్రాడి లాంటి కేసులకు. కత్తిపోటు, నిలకడైన బీపీ, మెత్తని పొట్ట.

ఏళ్ల తర్వాత బయటపడే దెబ్బ

మూడో కేసు. అరవయ్యేళ్ల రైతు. పదేళ్ల కిందట ఎద్దు కొమ్ము ఎడమ పక్కలో దిగింది, చర్మం కుట్టి పంపారు. ఆయన ఆ సంగతే మర్చిపోయాడు. ఇప్పుడు కడుపునిండా తింటే ఎడమ ఛాతీ బరువెక్కుతుంది, పడుకుంటే ఆయాసం. గ్యాస్ మాత్రలు వాడాడు, గుండె అనుకుని ఈసీజీ తీయించాడు. ఒకరోజు వాంతులు, గాలి కూడా పోవడం లేదు. ఎక్స్‌రేలో ఎడమ ఛాతీలో గాలీ నీరూ కలిసి ఉన్నట్టు కనిపించింది.

ఛాతీలో నీరు చేరిందనో, గాలి చేరిందనో అనుకుని ఐసీడీ గొట్టం గుచ్చితే అది నేరుగా జీర్ణాశయంలో దిగుతుంది. ఈ పొరపాటు గురించి సర్జరీ పాఠాల్లో ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. ఆ పూట పక్కలో ఉన్న పాత మచ్చను ఎవరైనా గమనించి, "ఇదేం దెబ్బ పెద్దాయనా?" అని అడిగితే దారి మారిపోతుంది.

ఇలాంటి పాతవాటిలో పేగు ఊపిరితిత్తికి అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి కొందరు ఛాతీ వైపు నుంచే తెరుస్తారు. చేయి తిరిగినవాళ్లు కెమెరాతోనూ చేస్తున్నారు. పేగు కుళ్లి ఉంటే మాత్రం ప్రాణాపాయం చాలా ఎక్కువ.

వంద మంది లెక్క

ఇప్పుడు ఆ అన్న అడిగిన ప్రశ్నకు వద్దాం. ఎడమవైపు, ఆ హద్దుల లోపల పోటు పడి, పైకి బాగానే కనిపిస్తున్న 100 మందిని తీసుకుందాం. ఇలాంటివాళ్లందరికీ కెమెరా వేసి చూసిన పరిశీలనల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఉదరవితానంలో చిల్లు దొరికింది. అంటే 25 మందికి చిల్లు ఉంటుంది, 75 మందికి ఉండదు.

అందరికీ కెమెరా వేస్తే 25 చిల్లులు దొరుకుతాయి, మూతపడతాయి. బదులుగా 75 మంది ఏమీ లేకుండానే మత్తు తీసుకున్నారు, మూడు గాట్లు పడ్డాయి, ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలో గడిపారు. ఎవరికీ వేయకపోతే ఆ 75 మంది హాయిగా ఇంటికి వెళతారు. మిగతా 25 మందిలో కొందరికి చిల్లు మానుతుంది, కొందరు పైన చెప్పిన రైతులా ఏళ్ల తర్వాత వస్తారు. వాళ్లు ఎంతమంది అన్న దగ్గరే సర్జన్లు విడిపోతారు. ఇంతకుముందు చూడాలంటే పొట్టంతా తెరవాల్సిందే కాబట్టి ఆ 75 మంది చెల్లించే మూల్యం చాలా ఎక్కువగా ఉండేది. పెద్ద కోత నొప్పి, తర్వాత కోత దగ్గర హెర్నియా, పేగులు అతుక్కోవడం. కెమెరా వచ్చాక ఆ మూల్యం తగ్గింది, వాదం మొగ్గూ మారింది.

అమెరికాలోని ఈస్ట్రన్ అసోసియేషన్ ఫర్ ది సర్జరీ ఆఫ్ ట్రామా 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎడమవైపు పోట్లకు, బీపీ నిలకడగా ఉండి పొట్ట మెత్తగా ఉంటే, సీటీని నమ్ముకుని ఊరుకోవడం కన్నా ల్యాపరోస్కోపీ మేలన్నాయి. కుడివైపు పోట్లకు ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలన్నాయి. కాలేయమే అక్కడ మూతలా పనిచేస్తుంది. అయితే ఈ సిఫార్సులు షరతులతో కూడినవి. ఆధారాలు బలంగా లేవని ఆ మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి. కెమెరాతో చూస్తే పేగులో సన్నటి కోత తప్పిపోవచ్చన్న భయం కూడా చాలామంది సర్జన్లలో ఇంకా ఉంది. మీటర్ల కొద్దీ పేగును రెండు పరికరాలతో అంగుళం అంగుళం తిప్పి చూడటానికి ఓపికే కాదు, అలవాటైన చేయి కావాలి.

ఆ చేయి అన్నిచోట్లా, అన్ని వేళలా దొరకదు. కర్నూలు పెద్దాసుపత్రికి సొంత జిల్లా, నంద్యాలే కాక అటు తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా కేసులు వస్తాయి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. పుస్తకంలో రాసిన ఏ మార్గదర్శకమైనా రాత్రి రెండు గంటలకు థియేటర్ ఖాళీ ఉందా, ల్యాపరోస్కోపీ వచ్చిన సర్జన్ డ్యూటీలో ఉన్నాడా అన్నదాని మీద ఆగుతుంది.

"అంత ప్రమాదమైతే ఇప్పుడే చేయొచ్చు గదా, రేపు పొద్దున అనేదెందుకు?" అని కూడా అడిగాడు ఆ అన్న. దానికీ కారణముంది. చిన్న చిల్లు గంటల్లో చంపదు. పేగు కోసుకుని ఉంటే మాత్రం 8 నుంచి 12 గంటల్లో జ్వరమో, నాడి వేగమో, పొట్ట బిగువో బయటపడుతుంది. అలా బయటపడితే కెమెరాతో కాలయాపన చేయకుండా నేరుగా తెరవొచ్చు. ఆ రాత్రంతా నర్సు గంటగంటకీ వచ్చి కుర్రాడి పొట్ట నొక్కి చూసి వెళ్లేది అందుకే. నీళ్లు ఇవ్వనిదీ అందుకే.

మరుసటి రోజు మధ్యాహ్నం నా పని మీద మళ్లీ వెళితే ఆ అన్న అక్కడే కనిపించాడు. కెమెరా వేశారు. చిల్లు లేదు. కత్తి పక్కటెముక పై అంచుకు తగిలి కండలోనే ఆగిపోయింది. కుర్రాడు ఆ 75 మందిలో ఒకడు.

"ఊరికే చేసినట్లాయె" అన్నాడు అన్న, కోపం లేకుండానే. తర్వాత దుప్పటి పక్కకు తీసి, తమ్ముడి పొట్ట మీద మూడు చిన్న ప్లాస్టర్లకు ఫోన్‌లో ఫొటో తీసి ఊళ్లో అమ్మకు పంపాడు.